తాళం మీదే, లోపలి సామాను మాత్రం నలుగురిదీ

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. నేను పొరపాటుగా అర్థం చేసుకుని ఉంటే మీకు ఇక్కడే తెలిసిపోతుంది. మీకు ఇరవై మూడేళ్లు, విశాఖపట్నం మధురవాడలో ఉంటున్నారు, బీటెక్ పూర్తయింది, అమెరికాలో ఎంఎస్‌కు సీటు వచ్చింది, హైదరాబాద్ కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూ కోసం ఎదురు చూస్తున్నారు. నాలుగేళ్లుగా మీ ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ప్రైవేట్‌గానే ఉంది. అందులో ఆరు వందలకు పైగా పోస్టులున్నాయి: కూచిపూడి సాధన, హాస్టల్ రోజులు, ఉక్కు కర్మాగారం గురించి మీ అభిప్రాయాలు, నేవీలో పనిచేసే మీ బావగారితో దిగిన ఫొటోలు. ఇప్పుడు వీసా కోసం ఖాతాను పబ్లిక్ చేయవలసి వచ్చింది. దాచుకోవడానికి ఏముంది, ఉన్నది ఉన్నట్టు కనపడమని స్నేహితులు అంటున్నారు. సంబంధాలు చూస్తున్న సమయంలో ఇవన్నీ ఎందుకు, మొత్తం తీసేయమని అమ్మగారు అంటున్నారు. ఒక మనిషి సోషల్ మీడియాలో ఎంతవరకు బయటపడాలి అన్నది మీ అసలు ప్రశ్న.

నేను పరవాడ వైపు మందుల కంపెనీల్లోనూ, ఆ తరువాత నగరంలోని సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ కలిపి ఇరవై రెండేళ్లు ఉద్యోగుల ఎంపిక పని చేశాను. ఇతరుల ఖాతాలను తెరిచి చూసే కుర్చీలో కూర్చున్న మనిషిని కాబట్టి ఆ వైపు నుంచి మాట్లాడుతున్నానని ముందే గుర్తుంచుకోండి.

మీ స్నేహితుల మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే వినడానికి నిజాయితీగా అనిపించే ఆ మాటతోనే నాకు పేచీ ఉంది. ఉన్నది ఉన్నట్టు కనపడటం అంటే అందరికీ ఒకేలా కనపడటం అని వారు అనుకుంటున్నారు. మన భాషే అలా అనుకోదు. ఒకే పూటలో మనం తమ్ముణ్ణి నువ్వు అంటాం, మేనమామను మీరు అంటాం, గురువుగారి ముందు మాట తగ్గించి కూర్చుంటాం. అందులో ఏది అసలు మనిషి, ఏది నటన అని ఎవరూ అడగరు. ఎవరితో ఎలా ఉండాలో తెలిసిన మనిషిని మర్యాద తెలిసిన మనిషి అంటాం. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టే ఒక్క పోస్టు మాత్రం తమ్ముడికీ, మేనమామకూ, గురువుగారికీ, ముక్కూమొహం తెలియని అధికారికీ ఒకే గొంతుతో, ఒకే వాక్యంలో చేరుతుంది. కాబట్టి అక్కడ కొంత వెనక్కి తగ్గడం దొంగతనమూ కాదు, ద్వంద్వ స్వభావమూ కాదు.

చట్టం కూడా ఈ విషయంలో మీ వైపే ఉంది. పదవీ విరమణ చేసిన న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు, 2015 మార్చి 24న, అదే కోర్టు ఆన్‌లైన్ రాతల మీద అరెస్టులకు దారి తీసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టివేసింది. 2012లో ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో పెట్టిన పోస్టు విషయంలో పాల్ఘర్‌కు చెందిన ఇద్దరు యువతులను అరెస్టు చేయడంతో ఆ వివాదం దేశమంతా చర్చకు వచ్చింది. మాట్లాడే హక్కూ, మాట్లాడకుండా ఉండే హక్కూ రెండూ మీవేనని ఈ రెండు తీర్పులను కలిపి నేను అర్థం చేసుకున్నాను.

అయితే వీసా దరఖాస్తు దగ్గర లెక్క వేరు, అక్కడ షరతులు పెట్టేది మరొక దేశం. 2019 మే నెలాఖరు నుంచి డీఎస్-160 అనే అమెరికా వీసా దరఖాస్తు ఫారంలో గడచిన అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్‌లో ఎఫ్, ఎం, జె తరగతుల వీసాలకు, అంటే విద్యార్థులకూ ఎక్స్‌ఛేంజ్ సందర్శకులకూ, ఖాతాలన్నీ పబ్లిక్‌గా ఉంచాలన్న ఆదేశం వచ్చింది. అదే ఏడాది డిసెంబర్ 15 నుంచి దానిని హెచ్-1బి, హెచ్-4 దరఖాస్తుదారులకు, అంటే ఉద్యోగాలకు వెళ్లేవారికీ వారి కుటుంబ సభ్యులకూ, కూడా విస్తరించారు. అర్హత లేనివారినీ, తమ దేశ భద్రతకు ముప్పు కాగలవారినీ గుర్తించడానికే ఈ పరిశీలన అని వారు ప్రకటించారు. ఖాతా వివరాలు రాయకపోతే వీసా నిరాకరించవచ్చనీ, తరువాతి వీసాలకు కూడా అనర్హులు కావచ్చనీ ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయం స్పష్టంగానే చెప్పింది. ఇంటర్మీడియట్‌లో మూడు నెలలు నడిపి వదిలేసిన ట్విట్టర్ ఖాతా ఒకటి ఉందని మీరే రాశారు. అది అయిదేళ్ల లోపుదైతే దానినీ రాయండి. పాత పోస్టులో ఉన్న అల్లరి కంటే, ఫారంలో చెప్పని ఖాతా చాలా పెద్ద చిక్కు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. ప్రైవేట్ ఖాతాను పబ్లిక్ చేసినప్పుడు ఇక మీదట పెట్టేవి మాత్రమే కాదు, నాలుగేళ్లుగా తాళం లోపల పెట్టినవన్నీ ఒక్కసారిగా వీధిలోకి వస్తాయి. హాస్టల్ గదిలో రాత్రి రెండు గంటలకు నూనె రాసుకున్న జుట్టుతో నవ్వుతున్న మీ రూమ్మేటు ఆ ఫొటోకు ఒప్పుకున్నది నూట ఇరవై మంది తెలిసినవాళ్లే చూస్తారన్న నమ్మకంతో. తాళం మీ చేతిలో ఉన్నా, లోపల ఉన్న సామాను నలుగురిదీ. మీ విషయంలో ఎంత తెరవాలన్నది మీరు నిర్ణయించుకోవచ్చు. వారి విషయంలో వారిని అడగాలి. నా సమాధానం మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది, ఎందుకంటే నేను దెబ్బతిన్నది ఇక్కడే.

2014 ప్రాంతంలో, నేను అప్పుడు పనిచేస్తున్న సంస్థలో ఒక శనివారం వరుసగా ఇంటర్వ్యూలు జరిగాయి. సాయంత్రం అలసిపోయి, మా బృందం అయిదుగురం సమావేశ గదిలో సమోసాలు తింటూ ఒక ఫొటో దిగి, మంచి రోజు అని రాసి ఫేస్‌బుక్‌లో పెట్టాను. మా వెనుక తెల్లబోర్డు ఉంది. దాని మీద నీలం మార్కరుతో ఎనిమిది పేర్లు, ప్రతి పేరు పక్కన ఇప్పుడు చేస్తున్న కంపెనీ, అడిగిన జీతం నా చేతిరాతతోనే ఉన్నాయి. నేను చూసింది మా అయిదుగురి ముఖాలే. ఎవరి కళ్లు మూసుకుపోయాయి, ఎవరి చున్నీ సరిగా లేదు అన్నదే చూశాను. సోమవారం ఉదయం పది గంటలకు ఆ ఎనిమిది మందిలో ఒకాయన ఫోన్ చేశారు. ఆయన ఉద్యోగం వెతుకుతున్న సంగతి ఆయన పై అధికారికి నా ఫొటో ద్వారానే తెలిసిందట. ఆ ఏడాది ఆయనకు రావలసిన పదోన్నతి రాలేదు. మేమూ ఆయనను తీసుకోలేదు, ఆ స్థానానికి మరొకరు కుదిరారు. ఆయన గొంతు పెంచలేదు, మేడమ్ అనే పిలిచారు, అందుకే అది నాకు ఇప్పటికీ మరుపు రాదు. ఫొటో వెంటనే తీసేశాను కానీ, అప్పటికే అది ఎవరి ఫోన్లో ఉండాలో వారి ఫోన్లో ఉంది.

అప్పటి నుంచి నేను ఫొటోలను ముఖాలతో మొదలుపెట్టి చూడను, అంచులతో మొదలుపెడతాను. మీరు కూడా ఆరు వందల పోస్టులను అలాగే చూడండి; రెండు సాయంత్రాల పని. మీ ముఖం వదిలేసి గోడ, బల్ల, కిటికీ, అద్దంలో పడిన నీడ, చేతిలో ఉన్న కాగితం చూడండి. హాల్ టికెట్ల మీద నంబర్లు, పార్సిల్ డబ్బా మీద ఇంటి చిరునామా, స్కూటీ నంబరు ప్లేటు, మొదటి ఉద్యోగం వచ్చిన సంబరంలో మెడలో వేలాడే గుర్తింపు కార్డు మీద బార్‌కోడ్ ఇవన్నీ అంచుల్లోనే ఉంటాయి. అనుమానం ఉన్నదానిని ఆర్కైవ్‌లోకి నెట్టండి. అప్పుడు అది మీకు తప్ప మరెవరికీ కనపడదు, పోయిందన్న బాధా ఉండదు. ఇతరులు మిమ్మల్ని ట్యాగ్ చేసిన ఫొటోల వరుసను వేరుగా చూడాలి, చాలామంది దానిని మరచిపోతారు. ఈ శుభ్రం అంతా అయ్యాక, పెండింగులో ఉన్న ఫాలో అభ్యర్థనలను కూడా తేల్చేసి, అప్పుడు ఖాతాను పబ్లిక్ చేయండి. ముందు తెరిచి తరువాత సర్దుకుందాం అనుకోకండి. మూసి ఉన్నదానిని రేపు తెరవవచ్చు. తెరిచినదానిని రేపు మూసినా ఈ రోజు చూసిన కళ్లు మూతపడవు.

ఇక బావగారి ఫొటోలు. వీటి విషయంలో మిగతావాటిలా ఆలోచించి చూడండి అనను, ఈ రాత్రికే తీసేయమంటాను. మనం ఉన్నది తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు. 2019 డిసెంబర్‌లో ఆపరేషన్ డాల్ఫిన్స్ నోస్ పేరుతో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం, కేంద్ర సంస్థలతో కలిసి, ఏడుగురు నౌకాదళ సిబ్బందిని గూఢచర్యం ఆరోపణలపై అరెస్టు చేసిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది; యువతుల పేర్లతో ఉన్న ఫేస్‌బుక్ ఖాతాల ద్వారా పరిచయం పెంచుకుని, నౌకల కదలికల సమాచారం రాబట్టారన్నది అందులో ప్రధాన ఆరోపణ. ఆ నెలాఖరుకే నౌకాదళం తన స్థావరాల్లోనూ, యుద్ధనౌకల మీదా స్మార్ట్‌ఫోన్లనూ ఫేస్‌బుక్‌నూ నిషేధించింది. మరుసటి ఏడాది జూలైలో సైన్యం తన సిబ్బందిని ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సహా 89 యాప్‌లు తొలగించమంది.

బీచ్ రోడ్డులో నిలబడితే ఓడలు అందరికీ కనిపిస్తాయి కదా, నా ఫొటోలో కొత్తగా ఏముంది అని మీరు రాశారు. నిజమే, ఓడ అందరికీ కనిపిస్తుంది. ఆ ఓడలో ఎవరున్నారో, వారి భార్య ఎవరో, వారు ఏ క్వార్టర్స్‌లో ఉంటారో ఆర్కే బీచ్‌లో వేరుశెనగలు తింటున్నవారికి తెలియదు. మీ పోస్టులో ఒకటి "బావ ఈ రోజే బయలుదేరారు, మళ్లీ సంక్రాంతికే, అక్క ఒక్కతే" అన్న అర్థంలో ఉందని చెప్పారు. ఓడ ఎప్పుడు కదిలింది, ఎప్పుడు తిరిగి వస్తుంది, ఏ ఇంట్లో ఈ మూడు నెలలు ఒంటరి మహిళ ఉంటుంది అన్న మూడు సంగతులు ఆ ఒక్క వాక్యంలో ఉన్నాయి. మీరు రాసింది ప్రేమతోనే. చదివేవారు దానిని ప్రేమతోనే చదవాలన్న నియమం లేదు. ఆ పోస్టు చూసి బావగారు చిరాకు పడ్డారని మీరు నొచ్చుకున్నారు కానీ, ఆ మనిషి ఉద్యోగం చేసే చోట అది చిరాకు కాదు, విధి.

ఉక్కు కర్మాగారం మీద మీ అభిప్రాయాల సంగతి దీనికి పూర్తిగా వేరు. 2021 జనవరిలో కేంద్రం నూరు శాతం వాటా అమ్మకానికి సూత్రప్రాయంగా ఒప్పుకున్న దగ్గర నుంచి ఈ ఊళ్లో ఆ మాట మాట్లాడని ఇల్లు లేదు. విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు అన్నది మన తాతల కాలం నినాదం. దానిని మీరు మీ పేరుతో రాసుకుంటే దాచవలసిన అవసరం నాకు కనపడటం లేదు. మీ సొంత వాదన ఉన్న పోస్టులు ఉంచండి, భాష మాత్రం ఒకసారి చూసుకోండి: వాదన బలంగా ఉన్న చోట తిట్టు ఉంటే తిట్టు తీసేయండి, తిట్టు తప్ప వాదన లేని చోట పోస్టే తీసేయండి. కానీ మీ నాన్నగారు అదే కర్మాగారంలో ఉద్యోగి అన్నారు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులకు ప్రవర్తన నియమాలు ఉంటాయి. అవి మిమ్మల్ని కట్టవు, ఆయనను కడతాయి. "నాన్న చెప్పారు, ఈ వారం లోపల ఇలా జరిగింది" అని మొదలయ్యే పోస్టు మీ అభిప్రాయం కాదు, భోజనం దగ్గర ఆయన నమ్మకంతో అన్న మాట. ఆ రకం పోస్టులు ఎన్ని ఉంటే అన్నీ తీసేయండి.

ఇదంతా చదివాక మారుపేరుతో రెండో ఖాతా తెరిస్తే సరిపోతుంది కదా అనిపించవచ్చు. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మీ ఫోన్ నంబరుతోనే రెండో ఖాతా తెరిస్తే, మీ నంబరు తమ ఫోన్లో ఉండి కాంటాక్టులు అనుసంధానం చేసుకున్న అత్తయ్యకు మీకు తెలిసినవారు కావచ్చు అంటూ ఆ ఖాతానే చూపించే అవకాశం ఉంది. విశాఖ పెద్ద నగరమే కానీ సీతమ్మధారలో తుమ్మితే గాజువాకలో చిరంజీవ అనే ఊరు. పైగా వీసా ఫారంలో రెండో ఖాతా కూడా రాయాలి, అది కూడా పబ్లిక్‌గానే ఉండాలి. చిన్న వలయం కావాలంటే ఖాతా మార్చడం కంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో క్లోజ్ ఫ్రెండ్స్ జాబితానో, వాట్సాప్ స్టేటస్‌లో కొందరిని మినహాయించే ఏర్పాటునో వాడుకోవడం తక్కువ తలనొప్పి. అది కూడా గోడ కాదు, తెర మాత్రమే. లోపల ఉన్న ఒక్కరు స్క్రీన్‌షాట్ తీస్తే చాలు.

అమ్మగారి భయం గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అది మీ ఇంటి విషయం. సంబంధం వారు ఖాతాలు చూస్తారు, అందులో సందేహం లేదు. ఉద్యోగం ఇచ్చేవారూ చూస్తారు. నేను చూసిన రోజుల్లో నాట్యం చేసినందుకో, రుషికొండలో స్నేహితులతో ఫొటో దిగినందుకో ఎవరినీ పక్కన పెట్టలేదు. ఆపింది మూడు రకాలనే: పాత సంస్థను బండబూతులు తిట్టినవారిని, ఫ్యాక్టరీ లోపల తీసిన ఫొటోలు పెట్టినవారిని, దరఖాస్తులో ఒక తేదీ ఖాతాలో మరొక తేదీ ఉన్నవారిని. నాట్యం చూసి వెనక్కి తగ్గే సంబంధం వెనక్కి తగ్గితే నష్టం ఎవరికో అమ్మగారికి మీరే నెమ్మదిగా చెప్పగలరు. ఖాతా మొత్తం చెరిపేయమన్న ఆమె సలహా మాత్రం, వీసా ఇంటర్వ్యూకు ముందు, పాటించకండి; ఫారంలో రాసిన ఖాతా వెతికినవారికి దొరకాలి.

నాట్యం మాట వచ్చింది కాబట్టి, మీ ఖాతాలో నేను పూర్తిగా తెరవమనేది అదొక్కటే. సాధన వీడియోలు మీ పేరుతో, మీ ముఖంతో, ఎవరైనా చూసేలా ఉండాలి. అక్కడ దాక్కుంటే దాని వల్ల రావలసినది కూడా రాదు. ఒక్క సవరణ చెబుతాను. గురువుగారి తరగతిలో తీసిన వీడియోల్లో మీ వెనుక వరుసలో ఏడెనిమిదేళ్ల పిల్లలు కనిపిస్తున్నారని రాశారు. వారి తల్లిదండ్రులను అడిగారా? అడిగి ఉండకపోతే గురువుగారి ద్వారా అడిగించండి, వద్దన్నవారి పిల్లలు ఉన్న వీడియోను కత్తిరించండి. అడగడం మొహమాటంగా ఉంటుందని తెలుసు. ఆ సోమవారం ఉదయం ఫోన్లో ఆయన మాట విన్న తరువాత నాకు ఆ మొహమాటం చాలా చిన్నదిగా కనిపిస్తోంది.

చివరిగా, ఖాతాలో పేరు పక్కన ఇంటిపేరు తీసేయవచ్చా అన్నారు. తీసేయవచ్చు. మన దగ్గర ఇంటిపేరు ఒక్కటి చాలు, కులమూ ఊరూ తాతగారి పేరూ కూడా కూపీ లాగడానికి. అందుకే మీ వయసువారు చాలామంది దానిని వదిలేస్తున్నారు. వీసా ఫారంలో అడిగేది ఖాతాకు పెట్టుకున్న ఐడీ పేరు, పైన కనిపించే పేరు కాదు, కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. ఐడీని మాత్రం ఫారం పంపిన తరువాత మార్చకండి; మీరు రాసిన పేరుతో వెతికినవారికి మీ ఖాతా దొరకాలి.